కనికరం అంటే పక్కన కూర్చోవడం

(సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పేదల మీద, ఒంటరివాళ్ల మీద, ఊరు వెలివేసినవాళ్ల మీద క్రైస్తవులు చూపించాల్సిన కనికరం గురించి మాట్లాడమని మన సంఘం వాళ్లు అడిగారు. మేము పాస్టర్లం కాము. గిరిజన బాలికల హాస్టల్ నడిపేవాళ్లం. పొద్దున్నే గంట కొట్టడం, బియ్యం తూచి ఇవ్వడం, జ్వరం వచ్చిన పిల్లని పీహెచ్‌సీకి తీసుకెళ్లడం మా పని. ఇక్కడ ‘మేము’ అంటే ఒక్క వార్డెన్ కాదు. వంట చేసే అక్క, కామాటి, వాచ్‌మన్ తాత, చిన్నపిల్లలకి జడలు వేసే పెద్ద క్లాసుల పిల్లలు, అందరం కలిసి మేము. మంచి చేసినా, తప్పు చేసినా అందరం కలిసే చేశాం. తప్పులో మాత్రం వార్డెన్ వాటా ఎక్కువని ముందే ఒప్పుకుంటున్నాం.

ఈ సభలో ప్రభువును నమ్ముకున్నవాళ్లు ఉన్నారు. కొండదేవతలకు మొక్కేవాళ్లు ఉన్నారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. అందరూ వినదగిన మాటే చెప్పాలని వచ్చాం.

కొన్నేళ్ల కిందటి సంగతి. ఊరి పేరు చెప్పం. ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉంది.

మా హాస్టల్లో ఏడో తరగతి చదివే పిల్ల ఒకతె ఉండేది. అమ్మానాన్నలు పని కోసం వలస వెళ్లారు. ఈ పిల్లకి దగ్గర్లో ఉన్న మనిషి మామ్మ ఒక్కతే. ఆ మామ్మ ఊళ్లో ఉండేది కాదు. గెడ్డకి అవతల చిన్న పాకలో ఒక్కతే ఉండేది. చేతి వేళ్లు ముడుచుకుపోయాయి. ఒక కాలికి మానని పుండు. మన ఊళ్లలో ‘పెద్దరోగం’ అంటారే, అది. ఇంట్లో కోడలు వచ్చాక కొడుకులే ఆమెకి అక్కడ పాక వేసి ఇచ్చారు. వారానికి ఒకసారి బియ్యం తెచ్చి గెడ్డ ఒడ్డున పెట్టి వెళ్లేవారు. దాన్నే వాళ్లు తల్లిని చూసుకోవడం అనుకున్నారు. ఊరు కూడా అలాగే అనుకుంది.

ఆదివారం ఆదివారం ఆ మామ్మ మనవరాలిని చూడ్డానికి వచ్చేది. సీతాఫలాల కాలంలో సీతాఫలాలు, పనసకాయల కాలంలో పనస తొనలు అడ్డాకులో చుట్టి తెచ్చేది. గేటు బయట నిలబడేది. లోపలికి రమ్మని మేము అనలేదు, వస్తానని ఆమె అడగలేదు.

ఒకరోజు నలుగురైదుగురు తల్లిదండ్రులు మా దగ్గరికి వచ్చారు. “ఆ ముసలామె తెచ్చిన కాయలు తిని మా పిల్లలకి ఆ రోగం వస్తే ఎవరు పూచీ మేడం?” అన్నారు. మేము టీచర్ ట్రైనింగ్ చదివినవాళ్లం. సైన్సు పాఠం చెప్పినవాళ్లం. కుష్టు అలా రాదని వాళ్లని కూర్చోబెట్టి చెప్పాల్సింది. చెప్పలేదు. గొడవ ఎందుకనుకున్నాం. ఆమె తెచ్చినవి గేటు దగ్గరే తీసుకోమని వాచ్‌మన్ తాతకి చెప్పాం. ఆమె వెనక్కి తిరిగాక ఆ పళ్లు వంటగది వెనక గుంతలో పడేయించాం. భోజనాల దగ్గర ఆ పిల్ల కంచం వరుసకి చివర, కాస్త ఎడంగా పెట్టించాం. అందరి మంచి కోసమే చేశామని మాకు మేమే చెప్పుకున్నాం. ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు. తలవంచుకుని తినేది, తన కంచం తనే కడుక్కునేది. ఆ ఆదివారాలు కూడా మేము గుడికి వెళ్లాం. పాటలు పాడాం. కానుక వేశాం.

ఆ ఏడాది వానాకాలంలో ఒక శనివారం మా పిల్లలిద్దరు ఇంటికి వెళ్తామని అనుమతి తీసుకున్నారు. ఆదివారం సాయంత్రానికి తిరిగి రావాలి. సంత మీదుగా వస్తుంటే కుండపోత వాన పట్టుకుంది. గెడ్డ పొంగింది. ఇంట్లో వాళ్లేమో పిల్లలు హాస్టల్‌కి చేరారనుకున్నారు. మేమేమో వాన కదా, ఇంటి దగ్గరే ఆగి ఉంటారనుకున్నాం. ఆ వైపు ఫోన్ సిగ్నల్ లేదు. సోమవారం తెల్లవారగానే ఆ ఊరి నుంచి ఒకాయన వచ్చి, పిల్లలు నిన్న మధ్యాహ్నమే బయలుదేరారని చెప్పాడు. అప్పుడు మా కాళ్ల కింద నేల లేదు. ఆడపిల్లల హాస్టల్లో పని చేసినవాళ్లకి ఆ భయం ఎలాంటిదో తెలుసు.

గెడ్డ వైపు పరుగెత్తాం. దారిలోనే ఇద్దరు పిల్లలూ ఎదురు వచ్చారు. వాళ్ల వెనక పది అడుగుల దూరంలో ఆ మామ్మ కర్ర పట్టుకుని నడిచి వస్తోంది. హాస్టల్ గేటు దాకా వచ్చి, ఎప్పటిలాగే బయట ఆగిపోయింది.

రాత్రి ఏం జరిగిందో పిల్లలు చెప్పారు. చీకట్లో గెడ్డ ఒడ్డున ఏడుస్తున్న వాళ్లని ఆమె చూసింది. నీళ్లలోకి దిగొద్దని కేకేసి ఆపింది. పాకలోకి తీసుకెళ్లి పొయ్యి రాజేసింది. ఉన్న ఒక్క పొడి చీర వాళ్లకి ఇచ్చింది. చోడి అంబలి కుండ చూపించింది. పిల్లలు భయపడుతున్నారని ఆమెకి తెలిసిపోయింది. ఉతికిన అడ్డాకులు వాళ్ల ముందు పెట్టి, “దొప్పలు మీరే చేసుకోండమ్మా. కుండలోంచి మీరే పోసుకోండి. నా చెయ్యి తగల్లేదు” అంది. అని బయట చూరు కింద కూర్చుంది. తెల్లవార్లూ అక్కడే, జల్లు కొడుతుంటే గోనెసంచి కప్పుకుని కూర్చుంది. పిల్లలు లోపల వెచ్చగా పడుకున్నారు. పొద్దున నీళ్లు తగ్గాక ఎక్కడ దాటాలో ఆమెకి తెలుసు కాబట్టి ముందు తను దిగి, లోతు చూసి, వాళ్లని దాటించింది.

తన ఇంట్లో తనే బయట కూర్చున్న మనిషి గురించి వింటే మా నోట మాట రాలేదు. పిల్లల దగ్గర తను ఎడంగా ఉండాలని ఆమెకి నేర్పింది ఎవరు? కొడుకులు నేర్పారు, ఊరు నేర్పింది, గేటు దగ్గర మేమూ నేర్పాం.

సమరయుడి కథ మీలో చాలామందికి తెలుసు. లూకా సువార్త పదో అధ్యాయంలో ఉంది. తెలియనివాళ్ల కోసం మా మాటల్లో చెప్తాం. యెరూషలేము నుంచి యెరికోకి వెళ్లే దారి కొండదారి, దిగుడుదారి. మన ఘాట్ రోడ్డు లాంటిదే అనుకోండి. ఆ దారిలో దొంగలు ఒక మనిషిని కొట్టి, బట్టలు లాక్కుని, కొనప్రాణంతో వదిలేశారు. గుడిలో పని చేసే యాజకుడు ఒకాయన చూసి పక్కనుంచి వెళ్లిపోయాడు. లేవీయుడు ఒకాయనా అంతే. తర్వాత ఒక సమరయుడు వచ్చాడు. దిగాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన జంతువు మీద ఎక్కించుకుని సత్రానికి తీసుకెళ్లాడు. రాత్రంతా చూసుకున్నాడు. మర్నాడు సత్రం మనిషికి రెండు దేనారాలు ఇచ్చాడు. ఒక దేనారం అంటే ఆ రోజుల్లో కూలివాడి ఒక రోజు కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు.

మేము చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో ఈ కథ వింటున్నాం. వినేటప్పుడు మనమే సమరయుడిలా ఉండాలి అనుకునేవాళ్లం. సమరయుడు ఎవరో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. యూదులకీ సమరయులకీ తరాల నాటి వైరం. వాళ్లతో కలిసి తినరు, తాగరు. అంటే కథలో సమరయుడు పెద్దమనిషి కాదు, వెలివేసిన జాతివాడు. యేసు ఆ కథ చెప్తున్నప్పుడు అక్కడ కూర్చున్నవాళ్లకి సమరయుడు అన్న మాటే నచ్చి ఉండదు. అయినా ప్రభువు అతన్నే మంచివాడిగా నిలబెట్టాడు. పొరుగువాడు ఎవరని అడిగిన పండితుడి చేతే ఆ జవాబు చెప్పించాడు.

ఆ పొద్దున మా గేటు బయట నిలబడ్డది ఎవరో మాకు అర్థమైంది. చూసి పక్కనుంచి వెళ్లిపోయినవాళ్లు ఎవరో కూడా అర్థమైంది.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఈ మాట మీకు ఎందుకు చెప్తున్నామంటే, మనల్ని చిన్నప్పటి నుంచి తీసుకునేవాళ్లుగానే చూశారు. గిరిజనులంటే దుప్పట్లు తీసుకునేవాళ్లు, రేషన్ తీసుకునేవాళ్లు, స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్లు. క్రిస్మస్‌కి పట్నం నుంచి బండ్లు వస్తాయి. వరుసలో నిలబెడతారు. దుప్పటి ఒక చివర వాళ్లు, ఒక చివర మనం పట్టుకుంటే ఫోటో తీస్తారు. మంచి మనసుతో వచ్చేవాళ్లూ ఉన్నారు, కాదనం. కానీ అలా చూసి చూసి మనకి కూడా ఒక నమ్మకం వచ్చేసింది. కనికరం అంటే ఉన్నవాడు లేనివాడికి చేసే పని అని, మనకి ఉద్యోగం వచ్చాక, ఇల్లు కట్టుకున్నాక చేయొచ్చు అని. పాకలో ఒక్క పొడి చీర ఉన్న మామ్మ ఆ నమ్మకం తప్పని చూపించింది.

ఆ పొద్దున ఏం చేశామో కూడా చెప్తాం. ముందు కదిలింది వార్డెన్ కాదు. వంట అక్క గేటు తీసి, మామ్మని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది. ఉప్మా పెట్టి, తనూ ఒక కంచం పెట్టుకుని పక్కనే కూర్చుంది. అది చూశాక మేమూ ఒక్కొక్కరం వచ్చి కూర్చున్నాం. మనవరాలు వచ్చి మామ్మకి ఆనుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల కంచం వరుస మధ్యలోకి వచ్చింది. అందరి ముందూ ఆ పిల్లకి క్షమాపణ చెప్పాం. చెప్పడం తేలిక కాలేదు. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం ఏ ట్రైనింగ్‌లోనూ మాకు నేర్పలేదు.

గొడవ కూడా వచ్చింది. కొందరు తల్లిదండ్రులు మళ్లీ వచ్చారు. ఈసారి ఏఎన్‌ఎం గారిని పిలిపించి అందరినీ కూర్చోబెట్టాం. అయినా ఇద్దరు తమ పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లిపోయారు. ఒక పిల్ల నెల తర్వాత వచ్చింది. ఇంకో పిల్ల రాలేదు. ఆ పిల్ల ఇప్పటికీ మాకు గుర్తొస్తుంది. ముందే చెప్పాల్సిన మాట ఆలస్యంగా చెప్పినందుకు ఒక చదువు ఆగిపోయింది.

అందుకే ఆ రోజు ఏఎన్‌ఎం గారు చెప్పినవి, మేము తర్వాత చదివి తెలుసుకున్నవి ఇక్కడ చెప్పి తీరాలి. కుష్టు పాపం వల్ల రాదు, శాపం వల్ల రాదు, దేవత కోపం వల్ల రాదు. ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. 1873లో నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ దాన్ని కనిపెట్టాడు. చేతితో ఇచ్చిన పండు తింటే రాదు. ఒకసారి ముట్టుకుంటే రాదు. మందు వేసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా ఉంటే, దగ్గు, తుమ్ముల తుంపర్ల ద్వారా రావచ్చు. అప్పుడు కూడా ఎక్కువమంది ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. మందు మొదలుపెట్టాక రోగి నుంచి ఇంకొకరికి అంటదు.

మందు పేరు ఎండీటీ. 1981 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్న మందు ఇదే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. వ్యాధి తీరును బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడాలి. మన మామ్మ పన్నెండు నెలలు వాడింది. మొదట్లో మూత్రం ఎర్రగా వస్తే హడలిపోయి మందు మానేస్తానంది. అది ఆ మందు రంగేనని మనవరాలే నచ్చజెప్పింది. రోగం ఆగింది. ముడుచుకున్న వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. చాలా ఏళ్ల కిందటే, మొదటి మచ్చ కనిపించినప్పుడే ఎవరైనా ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే ఆ వేళ్లు నిలిచేవి. ఎవరూ తీసుకెళ్లలేదు. దాచారు, తర్వాత దూరం పెట్టారు. ఆమె వేళ్లు పోయింది రోగం వల్ల ఎంతో, మన సిగ్గు వల్ల కూడా అంతే.

దూరం పెట్టిన మనుషుల దగ్గరికి నడిచి వెళ్లినవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. సాలూరులో కుష్టు రోగుల మిషన్ ఆసుపత్రి ఉందని మన ప్రాంతం పెద్దలకి తెలుసు. తెలంగాణలో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇలాంటి ఆసుపత్రే మొదలైంది. దాన్ని నడిపించింది స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్. దానికి డబ్బిచ్చి ఆదుకున్న దాత నర్సాగౌడ్ గారు హిందువు. రోగుల కోసం ఒక క్రైస్తవ డాక్టరమ్మ, ఒక హిందూ దాత కలిశారు. ఇప్పటి మందులు లేని ఆ కాలంలో ఇచ్చిన వైద్యం, అడవి చెట్టు గింజల నుంచి తీసిన నూనె.

ఇంకొకరు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన మన లాంటి కొండల్లోనే పుట్టాడు. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో. తల్లిదండ్రులు అక్కడి కొండవాళ్ల మధ్య మిషనరీలు. తండ్రి అక్కడే జ్వరంతో చనిపోయాడు. తల్లి ఎవెలిన్ ముసలితనంలో కూడా కొండల్లోనే ఉండి, 1974లో తొంభై దాటిన వయసులో కన్నుమూసింది. పాల్ బ్రాండ్ వెల్లూరు ఆసుపత్రిలో కుష్టు రోగుల ముడుచుకుపోయిన చేతులకి ఆపరేషన్లు చేశాడు. వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోవని, స్పర్శ తెలియక కాలినా కోసుకుపోయినా గమనించకపోవడం వల్ల పాడవుతాయని లోకానికి చూపించాడు. మామ్మ కాలి పుండు కూడా అలాంటిదే. మెత్తని ఎంసీఆర్ చెప్పులు వేసుకుని, రోజూ కాలు చూసుకోవడం మొదలుపెట్టాక మానింది.

ఆ వెల్లూరులోనే డాక్టర్ మేరీ వర్గీస్ ఉండేది. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద స్పర్శ పోయింది. ఇక ఆమె బతుకు అయిపోయిందని అందరూ అనుకుని ఉంటారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్టు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. తర్వాత తనలా కాళ్లు చేతులు పడిపోయినవాళ్లకి మళ్లీ బతకడం నేర్పే విభాగాన్ని నడిపింది. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆమె కూడా దెబ్బతిన్న మనిషే. దెబ్బతిన్నవాళ్ల దగ్గరికి వెళ్లింది.

కనికరం ఒక్క మతం సొత్తు కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బళ్లు పెట్టారు. ఎవరి మాటా ఎవరూ పట్టించుకోని కాలంలో కూర్చుని వాళ్ల మాట నేర్చుకోవడం కూడా పక్కన కూర్చోవడమే.

ఇక్కడ క్రైస్తవులైన మా తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట చెప్పాలి. సమరయుడు ఆ దెబ్బలు తిన్న మనిషిని నీది ఏ గుడి అని అడగలేదు. కట్టు కట్టాక మా గుడికి రా అని కూడా అడగలేదు. సాయం చేసి, దానికి బదులుగా నమ్మకాన్ని అడిగితే అది బేరం అవుతుంది. మామ్మ ఇప్పటికీ తన కొండదేవతకే మొక్కుతుంది. మా పిల్లల్ని గెడ్డ దాటించింది ఆ మొక్కే చేతులు. ఆమె నుంచి ప్రభువు మనసు ఎలాంటిదో మేము నేర్చుకున్నాం.

తర్వాత రెండేళ్లకి మామ్మకి పెద్ద జబ్బు చేసింది. రాత్రి కబురొచ్చింది. రోడ్డు దాకా తీసుకెళ్లాలి, అంబులెన్సు అక్కడిదాకే వస్తుంది. డోలీ కట్టాలి. మన దగ్గర డోలీ మోయడం ఎవరికీ నేర్పనక్కర్లేదు. పురిటి నొప్పులు పడుతున్న ఆడపిల్ల అయినా, పాము కరిచినవాడు అయినా, అడగకుండానే భుజాలు వస్తాయి. కానీ ఆ రాత్రి చాలాసేపు ఎవరూ రాలేదు. పెద్దరోగం మనిషి డోలీ ఎత్తితే ఎలా అని గుసగుసలు. చివరికి ముందుకొచ్చింది ఇద్దరు కుర్రాళ్లు. వాన రాత్రి ఆ పాకలో పడుకున్న పిల్లల అన్నలు. వాళ్లు కర్ర భుజానికెత్తాక మరో ఇద్దరు వచ్చారు. భుజాలు మార్చుకుంటూ తీసుకెళ్లారు. మామ్మ బతికింది.

మార్కు సువార్తలో ఒక కథ ఉంది. కాళ్లు చేతులు పడిపోయిన ఒకతన్ని నలుగురు మోసుకొస్తారు. జనం వల్ల లోపలికి దారి లేకపోతే ఇంటి కప్పు విప్పి యేసు ముందుకి దించుతారు. ఆ నలుగురి పేర్లు ఎక్కడా రాయలేదు. ఆ కథ విన్నప్పుడల్లా మాకు డోలీయే కనిపిస్తుంది. కనికరం మనకి పట్నం నుంచి రావాల్సింది కాదు, మన భుజాల మీద ముందు నుంచే ఉంది. ఎవరి డోలీ ఎత్తాలి, ఎవరిది ఎత్తకూడదు అని లెక్క పెట్టడమే మనం మానుకోవాల్సింది.

యువతకి నాలుగు పనులు చెప్పి ముగిస్తాం. డబ్బు అక్కర్లేనివే చెప్తున్నాం.

మొదటిది. మీ ఊరి చివర, గెడ్డ అవతల, పశువుల పాక పక్కన ఒంటరిగా ఉంటున్న మనిషి ఎవరో మీకు తెలుసు. నెలకి ఒకసారి అయినా వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చోండి. వాళ్లు పెట్టింది తినండి, ఇచ్చింది తాగండి. మీరు పెట్టడం కన్నా, వాళ్లు పెట్టింది తీసుకోవడం వాళ్లకి ఎక్కువ గౌరవం. ఫోటో తియ్యొద్దు, స్టేటస్ పెట్టొద్దు.

రెండోది. ఎవరి ఒంటి మీదైనా లేత రంగు మచ్చ ఉండి, దాని మీద తాకితే తెలియకపోతే సిగ్గుపడకుండా ఆశా కార్యకర్తకి చెప్పండి, పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. మీ ఒంటి మీద అయినా సరే. త్వరగా వెళ్తే వేళ్లు నిలుస్తాయి.

మూడోది. చదువుకున్నారు కాబట్టి కాగితం పని చేసి పెట్టండి. వేళ్లు అరిగినవాళ్లకి ఆధార్‌లో వేలిముద్ర పడదు. కనుపాపతో నమోదు చేసే పద్ధతి ఉంది. పక్కన ఒక చదువుకున్న పిల్ల లేకపోతే ఆ ముసలివాళ్లని మూడుసార్లు తిప్పి పంపుతారు. కుష్టు నయమైనవాళ్లు 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందకి వస్తారు. భాగస్వామికి కుష్టు ఉందని విడాకులు అడిగే వీలు 2019 చట్ట సవరణతో పోయింది. ఇవి వాళ్లకి తెలియవు. మీరు చెప్పండి.

నాలుగోది కష్టమైనది. ఊళ్లో పిల్లకి జ్వరం వస్తే, గొడ్డు చస్తే, ఒంటరి ముసలామె మీద చిల్లంగి అని వేలు చూపిస్తారు. ఆ గుంపులో మీ నాన్న ఉండొచ్చు, మీ బావ ఉండొచ్చు. అప్పుడు ఆ ముసలామె గుమ్మంలో వెళ్లి కూర్చోండి. ఒక్కరు వెళ్లి కూర్చుంటే రెండోవాళ్లు వస్తారు. మా వంట అక్క కూర్చున్నాకే మేము కూర్చున్నాం. ఆ ఇద్దరు కుర్రాళ్లు ఎత్తాకే మరో ఇద్దరు వచ్చారు. అన్నిచోట్లా ఇంతే. మొదటి మనిషి కావాలి.

మామ్మ ఇప్పుడు ఊళ్లోనే ఉంటోంది. పెద్ద కొడుకు వసారాలో ఒక గది వేసి ఇచ్చాడు. మనవరాలు నర్సింగ్ చదువుతోంది. సెలవుల్లో హాస్టల్‌కి వస్తే, మా పిల్లలకి ఆ వాన రాత్రి కథ చెప్పమని మేమే అడుగుతాం. కంచం ఎడంగా పెట్టిన సంగతి కూడా చెప్పమంటాం. ఆ పిల్ల అది చెప్పదు. అందుకని ఆ భాగం మేమే చెప్తాం. ఇక్కడ కూడా అందుకే చెప్పాం.